జంట తుమ్ము

వేసవి సెలవులకి యార్డు మూసే ముందు రాత్రి,
గుంటూరు మిర్చి యార్డులో ట్యూబులైటు వెలుగు కూడా
కాస్త ఎర్రగానే పడుతోంది.
పట్టీలన్నీ కూడి, వాడకాలు తీసేసి,
యలమంద ముఠాకి నిలవున్న కూలి
రేకుబల్ల మీద సుద్దతో రాశాను:
ఐదు లక్షల పదివేల ఐదువందల పది.

ఐదూ ఒకటీ సున్నా. మళ్లీ ఐదూ ఒకటీ సున్నా.
తేజా కాయ ఘాటుకి అంకె కూడా రెండుసార్లు తుమ్మింది.
ఒంటి తుమ్మైతే ఆగేవాణ్ణి.
జంట తుమ్ము గనక సుద్దముక్క కదిలించాను.

డిగ్రీ రెండో ఏట లెక్కల్లో తప్పినవాణ్ణి,
లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు.
మూడంకెల సంఖ్య ఏదైనా సరే, పక్కనే మరోసారి రాస్తే
వెయ్యిన్నొకటితో హెచ్చవేసినట్టే.
ఏడూ పదకొండూ పదమూడూ
పిలవకుండానే లోపలికొచ్చి కూర్చుంటాయి.
మిగిలిన ఐదువందల పదిలో
రెండు, మూడు, ఐదు, గోడకి ఆనుకుని పదిహేడు.
ఎవరూ పగలగొట్టలేని సంఖ్యల్లో మొదటి ఏడుగురు,
వరసలో ఒక్కరూ మానకుండా,
ఒక్కరూ రెండోసారి హాజరు వేయించుకోకుండా.
ముఠా చిట్టాలో ఇంత నికార్సైన పేజీ
పద్దెనిమిదేళ్లలో నేను చూడలేదు.

యలమందకి ఇవేవీ అక్కర్లేదు.
ఎంతమందికి పంచాలన్నదే అతని బాధ.
ముఠా పదిహేడు మంది.
ఫిబ్రవరిలో లారీ మీంచి టిక్కీ జారి
నాగుల్‌మీరా నడుం మీద పడింది.
అప్పట్నుంచి ఆనందపేటలో వెల్లకిలా పడుకుని
రేకుల కప్పుకి కొట్టిన మేకులు లెక్కపెడుతున్నాడు.

"మోసింది పదహారు మందిమి" అన్నాడు ప్రభుదాసు,
చెడ్డబుద్ధితో కాదు, ఇంటద్దె గుర్తొచ్చి.

సరే, పదహారుతో భాగించాను.
తలకి ముప్పై ఒక్క వేల తొమ్మిదివందల ఆరు పోగా
పద్నాలుగు రూపాయలు బల్ల మీద మిగిలాయి.
పదహారు కావాలంటే రెండు నాలుగుసార్లు రావాలి.
ఇక్కడ రెండు వచ్చింది ఒక్కసారే.
ఒక్కరోజు వచ్చినవాడి చేత
నాలుగు రోజులకి వేలిముద్ర వేయించలేం కదా.

పదిహేడుతో భాగించాను.
ముప్పై వేల ముప్పై.
శేషం సున్నా.
కాటా ముల్లు ఊగడం మానేసినట్టు.

నేను అబద్ధం ఆడలేదు,
నిజం మొత్తం చెప్పనూ లేదు.
పద్నాలుగు రూపాయలు మిగిలితే టీ తాగేస్తారు,
అందుకోసం మనిషిని కలపనక్కర్లేదు.
పదిహేనుమందికైనా ఈ సొమ్ము ఇంతే నున్నగా తెగుతుంది,
పద్నాలుగుకైనా, పదమూడుకైనా.
సంఖ్యకి జాలి లేదు. ఎవరి నడుమూ దానికి తెలీదు.

యలమందకి మాత్రం ఆ మాట చెవికి బాగుంది.
"ముప్పై వేల ముప్పై" అని పైకి ఓసారి అనుకుని,
"ఇట్టా తెగిందంటే ఇట్టాగే పంచాల" అన్నాడు.
ప్రభుదాసు తలగుడ్డ దులిపాడు.
అందరం తుమ్మాం.

లేవబోతుంటే షావుకారు గల్లాపెట్టె తెరిచి
ఓ రూపాయి బిళ్ల కట్టల మీద పెట్టాడు, శుభానికి.
అంతే, ఏడుగురూ ఒక్కసారిగా గడప దిగిపోయారు.
రెండుతో చూడు, మూడుతో చూడు, పదిహేడు దాకా చూడు,
ఎవరు పంచినా మిగిలేది ఆ ఒక్క రూపాయే.
వరసలో ఎనిమిదోవాడు, పంతొమ్మిది,
ఇంతసేపూ గేటు బయట నిలబడ్డాడు కాబోలు,
వాడికైతే సరిగ్గా తెగుతుంది.
పంతొమ్మిది మందిని అర్ధరాత్రి ఎక్కణ్ణుంచి తేను?

రూపాయి నాగుల్‌మీరా కవర్లో పడింది.
పైన ముప్పై వేల ముప్పై ఒకటి అని రాసి
ఇంటికెళ్లాక ఊరుకోలేక దాన్నీ విరిచి చూశాను.
చిన్నవాళ్లెవరూ దొరకలేదు.
యాభై తొమ్మిది దాకా నడవాల్సి వచ్చింది.

పొద్దున్న ఆనందపేట వెళ్లాను.
వెల్లకిలానే, కవరు గుండెల మీద పెట్టుకుని
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.
"యలమంద ముప్పై అని కబురంపాడు.
ఒక రూపాయి ఎక్కువొచ్చింది గుమాస్తా గారూ,
మీ లెక్కోసారి చూసుకోండి" అన్నాడు.